1944 నాటి అమెరికన్ పారాట్రూపర్ యూనిఫారం: రీఎనాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధపు శిబిరాలను, ఆనాటి సైనికుల దుస్తులను జనం ముందు సజీవంగా నిలిపే రీఎనాక్ట్‌మెంట్ మీద ఆసక్తి ఉన్న తెలుగు మిత్రులు నన్ను అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందుకే వాటన్నిటికీ జవాబులు ఒకచోట చేర్చాను. ఇక్కడి సమాధానాలు ప్రధానంగా 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో పారాచూట్లతో దూకిన అమెరికన్ పారాట్రూపర్‌ గురించి. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## నిర్ణయించుకునే ముందు

పారాట్రూపర్ యూనిఫారం అంటే ఒకటే కదా, మంచిది ఒకటి చూసి కొంటే సరిపోదా?

సరిపోదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ ఆలోచన వల్లనే. 1943 జూలైలో సిసిలీలో దూకిన సైనికుడు, 1944 జూన్ 6 తెల్లవారకముందే నార్మండీలో దిగిన సైనికుడు, అదే ఏడాది సెప్టెంబరు 17న హాలెండ్‌లో దూకిన సైనికుడు ఒకేలా కనిపించరు. సిసిలీలో మాసికలు లేని లేత రంగు ఎం1942 జంప్ సూటు. నార్మండీలో అదే సూటుకు మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర క్యాన్వాస్ మాసికలు. హాలెండ్ నాటికి చాలామంది ఒంటి మీద ముదురు ఆకుపచ్చ ఎం1943 జాకెట్టు. డిసెంబరులో బెల్జియంలోని బాస్టోన్‌కు 101వ ఎయిర్‌బోర్న్ (పారాట్రూపర్ల) డివిజన్ లారీల్లో చేరుకుంది. అక్కడ చలికోట్లు కనిపిస్తాయి. కాబట్టి ముందు ఒక తేదీ, ఒక డివిజన్, వీలైతే ఒక రెజిమెంటు కాగితం మీద రాసుకోండి. ఆ తరువాతే కొనుగోలు.

ఈ ఎం1942 జంప్ సూటు ఎవరి ఆలోచన?

అమెరికన్ సైన్యంలో పారాట్రూపర్ల ప్రయోగం 1940లో జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెనింగ్‌లో ఒక చిన్న టెస్ట్ ప్లటూన్‌తో మొదలైంది. మామూలు పదాతి దుస్తులు విమానం నుంచి దూకేవాడికి పనికిరావని త్వరలోనే తేలింది. విలియం యార్బరో అనే అధికారి జంప్ బూట్లకు, ప్రత్యేక దుస్తులకు, ఛాతీ మీది రెక్కల బ్యాడ్జికి రూపం ఇచ్చాడు. దూకినవాడికి లారీ వెంట రాదు, వంటశాల వెంట రాదు. తిండి, గ్రెనేడ్లు, మ్యాపు, బట్టలు అన్నీ ఒంటి మీదే ఉండాలి. ఆ పెద్ద జేబుల వెనక ఉన్న అవసరం అదే.

నాది భారతీయ ముఖం. 1944 అమెరికన్ పారాట్రూపర్‌గా నిలబడితే ‘అసలుకు దగ్గర’ అని ఎవరైనా ఒప్పుకుంటారా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతులో ఉండే బెరుకు నాకు తెలుసు. నేనూ అలాగే అడిగాను. చరిత్రను దాచకుండా చెప్పుకుందాం. ఆనాటి అమెరికన్ సైన్యంలో జాతి విభజన ఉండేది. దాన్ని తొలగించే ఉత్తర్వు మీద అధ్యక్షుడు ట్రూమన్ 1948లో సంతకం చేశాడు. నల్లజాతి పారాట్రూపర్ల 555వ బెటాలియన్‌ను యూరప్ యుద్ధానికి పంపనేలేదు. 1945లో వాళ్ళు అమెరికా వాయవ్య అడవుల్లో మంటలు ఆర్పడానికి దూకారు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే దారి 1946లో లూస్-సెల్లర్ చట్టంతోనే తెరుచుకుంది.

ఇదంతా నిజమే. అయినా ఒక ఇరవై ఒకటో శతాబ్దపు మనిషి ఆ దుస్తుల గురించి వివరిస్తున్నాడన్నది చూసేవాళ్ళందరికీ తెలుసు. యాభై ఏళ్ళవాళ్ళు ఇరవై ఏళ్ళ సైనికుల వేషం వేస్తే ఎవరూ అడ్డు చెప్పరు. దుస్తుల విషయంలో శ్రద్ధ చూపించండి, చరిత్ర గురించి అడిగితే నిజం చెప్పండి. చేరబోయే బృందాన్ని మాత్రం మొదటి రోజే సూటిగా అడగండి. మీ ముఖం సమస్య అనే బృందంలో మీరు ఉండాల్సిన అవసరం లేదు.

మన దేశపు పారాట్రూపర్లు ఆ యుద్ధంలో లేరా?

ఉన్నారు. 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ 1941 అక్టోబరులో ఢిల్లీలో ఏర్పడింది. శిక్షణ మొదట విల్లింగ్డన్ విమానాశ్రయంలో, అంటే నేటి సఫ్దర్‌జంగ్‌లో జరిగింది. తరువాత రావల్పిండి దగ్గరి చక్‌లాలాకు మారింది. 1944 మార్చిలో మణిపూర్‌లోని సంగ్‌షాక్ దగ్గర ఆ బ్రిగేడ్ జపాన్ సేనలను రోజుల తరబడి నిలువరించింది. 1945 మే 1న రంగూన్ దగ్గరి ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖా పారాచూట్ సైనికులు దూకారు. ఎవరైనా ఆ బ్రిగేడ్‌ను ఎంచుకుని నిజాయతీగా పునర్నిర్మిస్తే నాకన్నా సంతోషించేవాళ్ళు ఉండరు. అయితే వాళ్ళ దుస్తులు బ్రిటిష్ ఇండియా సైన్యపువి. కింద చెప్పే అమెరికన్ వివరాలు వాటికి వర్తించవు.

అసలైన దుస్తులు కళ్ళారా ఎక్కడ చూడవచ్చు?

నార్మండీలో సెంత్-మేర్-ఎగ్లీజ్‌లోని ఎయిర్‌బోర్న్ మ్యూజియం, సెయింట్-కోమ్-దు-మోంలోని డెడ్ మ్యాన్స్ కార్నర్ మ్యూజియం. అమెరికాలో నార్త్ కరొలినాలోని ఫాయెట్‌విల్‌లో ఎయిర్‌బోర్న్ అండ్ స్పెషల్ ఆపరేషన్స్ మ్యూజియం. అట్లాంటా పరిసరాల్లో ఉండే మనవాళ్ళకు జార్జియాలోని టొకోవా దగ్గర పడుతుంది. 101వ డివిజన్‌కు చెందిన 506వ రెజిమెంటు శిక్షణ పొందిన క్యాంపు అక్కడే ఉండేది, కరాహీ కొండ అక్కడే ఉంది. ఒక్కసారి అసలు వస్త్రం రంగు కళ్ళలో పడితే వంద ఫోటోలు చూసినా రాని తీర్పు వస్తుంది.

## కొనేటప్పుడు

ముందు ఏది కొనాలి? అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు.

బూట్లు, జంప్ సూటు, హెల్మెట్, ఈ వరుసలో కొనండి. బూట్లు ముందు ఎందుకంటే అవి పాదానికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. బెల్టు, నీళ్ళ సీసా, సంచులు బృందంలో ఎవరో ఒకరు మొదటి ఒకటి రెండు కార్యక్రమాలకు అరువిస్తారు. తొందరపడి చవక వస్తువులు పది కొనేకంటే సరైనవి మూడు కొనడం మేలు.

అసలైన 1940ల జాకెట్టు దొరికితే కొని వేసుకోవచ్చా?

కొనండి, వేసుకోకండి. ఎనభై ఏళ్ళు దాటిన నూలు దారం చంకల దగ్గర, జేబుల మూలల్లో ఒక్క లాగుడుకే తెగిపోతుంది. చెమట మరకలు శాశ్వతంగా ఉండిపోతాయి. అసలైన ఎం1942 జాకెట్ల ధర ఇప్పుడు వేల డాలర్లలో ఉంది, మిగిలినవి కొన్నే. మంచి నకలు వేసుకుని గడ్డిలో పాకవచ్చు, వానలో తడవవచ్చు. అసలుది పెట్టెలో ఉంటే దాన్ని చూసి నకలును సరిదిద్దుకోవచ్చు.

అంగడివాళ్ళు ‘ఖాకీ’ అని రాస్తారు. అసలు రంగు ఏది?

ఖాకీ అనగానే మనకు పోలీసు యూనిఫారం గుర్తొస్తుంది. ఎం1942 రంగు అది కాదు. లేత ఇసుక రంగుకు కొద్దిగా పచ్చని ఛాయ కలిసినట్టు ఉంటుంది. నా మొదటి జాకెట్టు ఒక ఆన్‌లైన్ అంగడిలో ఫోటో చూసి కొన్నాను. వచ్చింది బఠానీ పచ్చ. వెనక్కు తీసుకోలేదు. అప్పటి నుంచి ఎక్కడ కొన్నా ముందు చిన్న గుడ్డ ముక్క పంపమని అడుగుతాను, ఎండలో పెట్టి చూస్తాను.

బెల్టులు, సంచుల రంగు వేరే సంగతి. సైన్యం వాటిని లేత రంగైన ఓడీ (ఆలివ్ డ్రాబ్) 3 నుంచి ముదురు ఆకుపచ్చైన ఓడీ 7కు క్రమంగా మార్చింది. నార్మండీ నాటికి లేత రంగువే ఎక్కువ, రెండు రంగులు కలిసిన వస్తువులూ కనిపిస్తాయి. అన్నీ ముదురు పచ్చవి తగిలించుకుంటే 1945 సైనికుడిలా ఉంటారు.

జాకెట్టు చేతికి వచ్చాక ఏమేం పరీక్షించాలి?

మొదట ఛాతీ జేబులు. అవి ఏటవాలుగా ఉండాలి. నాలుగు జేబులూ మడతలు విప్పుకుని ఉబ్బేలా ఉండాలి, ఒక్కో జేబు మూతకు రెండేసి ప్రెస్ బటన్లు ఉండాలి. ముందు భాగంలో లోహపు జిప్పు. ఆనాటి జిప్పుల మీద టాలన్, కాన్‌మార్, క్రౌన్ వంటి పేర్లు కనిపిస్తాయి. ప్లాస్టిక్ జిప్పు ఉంటే అక్కడితో ఆపేయండి. నడుముకు అదే గుడ్డతో చేసిన బెల్టు ఉండాలి.

తరువాత గొంతు దగ్గర చూడండి. కాలరు కింద నిలువుగా, రెండు పక్కలా జిప్పు ఉన్న చిన్న జేబు ఉంటుంది. అది ఎం2 స్ప్రింగ్ కత్తి కోసం. పారాచూట్ చెట్టుకు చిక్కుకుని వేలాడే సైనికుడు ఏ ఒక్క చేయి ఖాళీగా ఉన్నా దానితో కత్తి తీసి తాళ్ళు కోసుకోవాలి. రెండు వైపులా జిప్పు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. చవక నకళ్ళలో ఈ జేబు ఒక వైపే తెరుచుకుంటుంది, లేదా అసలే తెరుచుకోదు. నేను ఏ జాకెట్టునైనా అంచనా వేసేది ముందు ఈ జేబుతోనే. అంత చిన్న చోట శ్రద్ధ పెట్టినవాడు మిగతా చోట్ల మోసం చేయడు.

మోకాళ్ళ మీద ఆ మాసికలు ఉండాల్సిందేనా?

నార్మండీకైతే ఉండాలి. సిసిలీ, ఇటలీ అనుభవంతో ఆ గుడ్డ త్వరగా చిరుగుతుందని తెలిసింది. దాడికి ముందు పారాచూట్లు మడిచే రిగ్గర్లు తమ కుట్టు మిషన్ల మీద మోచేతులకు, మోకాళ్ళకు, జేబుల అంచులకు దళసరి క్యాన్వాస్ కుట్టారు. జేబుల్లో నింపిన బరువు ఊగకుండా తొడ చుట్టూ కట్టుకునే పట్టీలూ చేర్చారు. క్యాన్వాస్ రంగు సూటుకంటే ముదురు. మనుషులు హడావుడిగా చేసిన పని కాబట్టి కుట్లన్నీ ఒక్కలా ఉండవు. ఆ చిన్న వంకర్లను సరిచేయకండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో మంచి టైలరు చేత కుట్టించుకుంటే?

చేయి తిరిగిన టైలరు దొరికితే తప్పకుండా కుట్టించవచ్చు, కానీ మూడు షరతులు. నూరు శాతం నూలు ట్విల్ గుడ్డ, పాలియెస్టర్ కలవనిది, వాడాలి. దారం కూడా నూలుదే కావాలి. నమూనాగా ఫోటో కాకుండా మంచి నకలు జాకెట్టు ఒకటి టైలరు చేతిలో పెట్టాలి. ప్రెస్ బటన్లు, లోహపు జిప్పు మాత్రం బయటి నుంచి తెప్పించుకోక తప్పదు.

బూట్లు నల్లవి ఉన్నాయి, అవే వేసుకోవచ్చా?

వద్దు. ఆనాటి జంప్ బూట్లు గోధుమ రంగువి. అమెరికన్ సైన్యం నల్ల బూట్లకు మారింది 1950లలో. ముక్కు మీద అదనపు తోలు టోపీ ఉండాలి, పొడవాటి లేసు పైదాకా ఉండాలి, మడమ ముందు అంచు ఏటవాలుగా కోసి ఉండాలి. ఆ కోత పారాచూట్ తాళ్ళు మడమకు చిక్కుకోకుండా. పారాట్రూపర్లకు ఈ బూట్ల మీద ఉన్న గర్వం చెప్పలేనిది. ప్యాంటు అంచులు బూట్లలోకి దోపుకుని తిరిగే హక్కు తమదే అనుకునేవారు. అందుకని వీటి మీద కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టండి, పాలిష్ చేయండి.

మామూలు ఎం1 హెల్మెట్ సరిపోతుందా? పారాట్రూపర్‌ది ఎలా గుర్తుపట్టాలి?

పారాట్రూపర్ హెల్మెట్ పేరు ఎం2. ఉక్కు డిప్ప ఎం1దే. తేడా పక్కల ఉంటుంది. గడ్డం పట్టీ తగిలించే కమ్మీలు ‘డి’ అక్షరం ఆకారంలో, కదలకుండా అతికించి ఉంటాయి. లోపలి లైనర్‌కు రెండు పక్కలా ‘ఎ’ ఆకారపు పట్టీలు, వాటికి తోలు గడ్డం కప్పు. దూకేటప్పుడు హెల్మెట్ ఎగిరిపోకుండా పట్టేది అదే.

ఇంకొకటి, డిప్ప అంచు చుట్టూ ఉన్న లోహపు పట్టీ అతుకు ముందు వైపు ఉండాలి. వెనక అతుకు 1944 చివరలో వచ్చింది. డిప్ప వెనక అతుకుదైతే అది నార్మండీకి చెందదు. అసలైన ఎం2లు చాలా అరుదు, నకిలీలు చాలా ఎక్కువ. పాత ఎం1 డిప్పకు కొత్తగా కమ్మీలు అతికించిన నకలు రీఎనాక్ట్‌మెంట్‌కు చక్కగా సరిపోతుంది. అసలైనదని చెప్పి అమ్మేవాళ్ళతోనే జాగ్రత్త.

## గుర్తులు కుట్టేటప్పుడు

భుజం మీద ఏ ప్యాచ్ కుట్టాలి, ఏ వైపు?

ఎడమ భుజం మీద డివిజన్ గుర్తు. 82వ డివిజన్‌కు రెండు ‘ఎ’ అక్షరాలు, 101వ డివిజన్‌కు అరుస్తున్న డేగ తల, పైన ‘ఎయిర్‌బోర్న్’ పట్టీ. అంచు చుట్టూ తాడులా లావుగా మెలితిప్పిన కుట్టు ఉంటే అది యుద్ధం తరువాతి కాలపుది. నల్ల కాంతి (యూవీ) దీపం కింద దారం నీలంగా మెరిస్తే కృత్రిమ దారమని అనుమానించాలి. అయితే నేటి డిటర్జెంట్‌లో ఉతికిన నూలు కూడా మెరుస్తుంది కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకండి. రెక్కల బ్యాడ్జిని సెలవు మీద ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు వేసుకునే దుస్తుల కోసం ఉంచండి. యుద్ధంలోకి దూకే జాకెట్టు మీద సాధారణంగా పెట్టుకునేవారు కాదు.

జెండా మీద ఎన్ని నక్షత్రాలు ఉండాలి?

48. అలాస్కా, హవాయి రాష్ట్రాలైంది 1959లో. కుడి చేతి మీద ధరించాలి. 82వ డివిజన్‌లో విరివిగా కనిపిస్తుంది, 101వలో అందరికీ లేదు. 50 నక్షత్రాల జెండాతో నార్మండీ సైనికుణ్ణి చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే అది లెక్కపెడితే తప్పిపోయే పొరపాటు.

హెల్మెట్ల మీద పేకముక్కల గుర్తులు ఎందుకు?

చీకట్లో చెల్లాచెదురుగా దిగినవాళ్ళు తమవాళ్ళను పోల్చుకోవడానికి 101వ డివిజన్ చేసిన ఏర్పాటు. ఇస్పేటు 506వ రెజిమెంటు, ఆఠీను 502వ, డైమను 501వ, కళావరు 327వ గ్లైడర్ (ఇంజిను లేని విమానం) రెజిమెంటు. గుర్తు పక్కన చిన్న గీత గడియారపు ముల్లులా చదవాలి. పైన ఉంటే రెజిమెంటు ప్రధాన కార్యాలయం, మూడు గంటల చోట మొదటి బెటాలియన్, ఆరు గంటల చోట రెండోది, తొమ్మిది గంటల చోట మూడోది. 82వ డివిజన్ ఈ పేక గుర్తులు వాడలేదు. డేగ తలతో ఇస్పేటు సరే, రెండు ‘ఎ’లతో ఇస్పేటు పెట్టకండి.

మెరూన్ బెరెట్ పెట్టుకోవచ్చా? సినిమాల్లో, మన సైన్యంలో చూశాను.

1944 అమెరికన్ వేషానికి వద్దు. బ్రిటిష్ పారాచూట్ దళం 1942 నుంచి మెరూన్ బెరెట్ ధరిస్తోంది. మన భారత సైన్యపు పారాచూట్ రెజిమెంటుదీ అదే రంగు. అమెరికన్ పారాట్రూపర్లకు అధికారికంగా ఇచ్చింది 1980లో.

పతకాలు పెట్టుకుంటే బాగుంటుంది కదా?

ఎంచుకున్న సైనికుడికి ఆ తేదీ నాటికి రాగలిగినవేవో ఆలోచించండి. చాలామందికి నార్మండీ మొదటి యుద్ధం. నా పద్ధతి, ఏ పతకమూ లేకుండా నిలబడటం. అమెరికాలో 2013 నాటి చట్టం ప్రకారం కొన్ని పతకాలు తనకు వచ్చాయని అబద్ధం చెప్పి లాభం పొందడం నేరం. వేషం వేసుకోవడం, మోసం చేయడం వేర్వేరు. అయినా తాత ప్రాణం పోయాక ఆయన పతకం ఇంటికి వచ్చిన కుటుంబం ఒకటి ఆ గుంపులో నిలబడి ఉండవచ్చు.

## ధరించే రోజు

లోపల ఏమి వేసుకోవాలి? వేసవిలో ఉడికిపోమా?

నార్మండీలో చాలామంది జంప్ సూటు కింద ఉన్ని చొక్కా, ఉన్ని ప్యాంటు వేసుకున్నారు. పైగా విషవాయువుకు విరుగుడుగా ఆ సూట్లను రసాయనంలో ముంచారు. గుడ్డ బిరుసుగా, జిగటగా, దుర్వాసనతో ఉండేదని వాళ్ళు చెప్పుకున్నారు. ఆ రసాయనం జోలికి మీరు వెళ్ళకండి. ఉన్ని చొక్కా మాత్రం వేసుకోండి, కాలరు దగ్గర కనిపిస్తుంది. జూలై ఎండలో అయితే చొక్కా చేతులు లోపల మడుచుకుని నీళ్ళు తాగుతూ ఉండండి. సొమ్మసిల్లి పడితే ఏ వేషమూ మిగలదు.

కళ్ళజోడు, గడ్డం, చేతి గడియారం సంగతి?

గడ్డం తీసేయాలి, మీసం సన్నగా ఉంటే నడుస్తుంది. కళ్ళజోడుకు గుండ్రని సన్నని లోహపు చట్రం. డిజిటల్ గడియారం, చేతికి దారాలు, ఫోను జేబులో దాచాలి. మత నియమంగా గడ్డం పెంచినవాళ్ళు తీయనక్కర్లేదు, బృందానికి ముందే చెప్పండి.

తుపాకీ, కత్తి పట్టుకెళ్ళవచ్చా?

ఇది ఊరికి ఊరికీ మారే చట్టం. బ్రిటన్‌లో 2006 చట్టం నిజమైనవాటిలా కనిపించే నకిలీ తుపాకుల అమ్మకాన్ని నియంత్రిస్తుంది. రీఎనాక్టర్లకు మినహాయింపు ఉన్నా దానికి నియమాలున్నాయి. స్ప్రింగ్ కత్తి చాలా చోట్ల నిషిద్ధం, కాబట్టి తెరుచుకోని నమూనా పెట్టుకోండి. ఇండియాలో ఎవరైనా ఆయుధ నమూనాతో వీధిలో ఫోటోలు దిగాలనుకుంటే నా సలహా ఒక్కటే, వద్దు. సైనికుడినని నమ్మించాలని ఇప్పటి సైన్యపు దుస్తులు వేసుకోవడం కూడా నేరమే.

ఈ దుస్తుల్లో నిజంగా విమానం నుంచి దూకవచ్చా?

గుండ్రని పారాచూట్లతో దూకే శిక్షిత బృందాలు ఉన్నాయి. వాళ్ళ దగ్గర చేరి, వాళ్ళ శిక్షణ పూర్తిచేసి, వాళ్ళ తనిఖీ చేసిన పారాచూట్‌తో మాత్రమే దూకాలి. అసలైన టీ-5 పారాచూట్‌ను ప్రదర్శనకే ఉంచాలి. దాని హార్నెస్‌లో ఒక్క దెబ్బతో విడిపోయే తాళం ఉండదు. నార్మండీ ముంపు పొలాల్లో పడినవాళ్ళు నీళ్ళలో ఆ కొక్కేలు విప్పుకోలేక అవస్థ పడింది అందువల్లే.

## ఇంటికి వచ్చాక

ఎలా ఉతకాలి? పాతగా కనిపించేలా చేయడానికి ఏమైనా చిట్కా?

నకలు జాకెట్టును చల్లని నీళ్ళలో, తెల్లదనం పెంచే రసాయనాలు లేని సబ్బుతో, చేత్తో ఉతకండి. నీడలో ఆరేయండి. అసలైనదాన్ని ఉతకకండి. గరుకు కాగితంతో రుద్ది పాతబరచడం నాకు నచ్చదు. జూన్ 5 రాత్రి విమానం ఎక్కినవాళ్ళు చిరుగుల బట్టలతో ఎక్కలేదు. రెండు మూడు కార్యక్రమాలు గడిస్తే మడతల దగ్గర అరుగుదల దానంతటదే వస్తుంది, ఎక్కడ రావాలో అక్కడే వస్తుంది.

ఏడాదిలో రెండుసార్లే వేసుకుంటాను. మిగతా రోజులు ఎలా దాచాలి?

జేబులు ఖాళీ చేయండి, లేకపోతే బరువుకు సాగిపోతాయి. వెడల్పాటి హ్యాంగరు మీద నూలు సంచిలో వేలాడదీయండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు. ఉన్ని చొక్కాను వేరే పెట్టెలో కలరా ఉండలతో పెట్టండి, ఉండలు గుడ్డకు తగలకుండా చిన్న సంచిలో కట్టి. బూట్లలో కాగితం కుక్కండి. జిప్పు పళ్ళ మీద కొవ్వొత్తి ముక్కతో ఒకసారి గీసి, పైకీ కిందకీ లాగి, మూసి ఉంచండి.